మోచేతిని కాపాడుకోండి, పిల్లలూ

చిన్నారులూ,

అమెరికాలో లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడుతున్న మన పిల్లలకు, ముఖ్యంగా బంతి విసిరే పిచ్చర్లకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

అరచెయ్యి పైకి పెట్టి చెయ్యి ముందుకు చాపండి. మోచేతికి ఒంటివైపు వేలితో తడిమితే గట్టి బుడిపె తగులుతుంది. మీ వయసులో ఆ బుడిపెకూ అసలు ఎముకకూ మధ్య మెత్తటి పొర ఉంటుంది. ఎముక పెరిగే చోటు అదే. బంతి విసిరినప్పుడల్లా ముంజేతి కండరాలూ, ఎముకలను కలిపి ఉంచే లిగమెంటూ ఆ బుడిపెను లాగుతాయి. అలసిన చేత్తో వారాల తరబడి విసిరితే ఆ పొర దెబ్బతిని నొప్పి మొదలవుతుంది. దాన్నే 'లిటిల్ లీగ్ ఎల్బో' అంటారు.

అందుకే లిటిల్ లీగ్‌వాళ్లు 2007 నుంచి బంతులకు హద్దు పెట్టారు. తొమ్మిది, పదేళ్లవాళ్లకు రోజుకు 75, పదకొండు, పన్నెండేళ్లవాళ్లకు 85. మీ నాన్నకు క్రికెట్ లెక్కే తెలిస్తే ఇలా చెప్పండి: 85 అంటే 14 ఓవర్ల పైన ఒక బంతి. అదీ బౌండరీ దగ్గర్నుంచి కీపర్‌కు బలంగా విసిరినట్టు, మోచెయ్యి వంచి విసిరేవి.

ఒక రోజులో 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. శనివారం 68 వేస్తే మళ్లీ మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎక్కేది గురువారమే. 51 నుంచి 65 అయితే మూడు రోజులు, 36 నుంచి 50 అయితే రెండు, 21 నుంచి 35 అయితే ఒకటి. 41 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేసినవాళ్లు ఆ రోజు క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాళ్లుగా) కూర్చోకూడదు, ఎందుకంటే క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసరాలి. వార్మప్‌లో వేసినవీ, ఇంకో టీముకు వేసినవీ ఈ లెక్కలోకి రావు. చేతికి మాత్రం అవీ విసుర్లే. కాబట్టి అన్నీ మీరే ఒక నోటుబుక్కులో రాసుకోండి.

85 హద్దే కానీ, చేరి తీరాల్సిన గమ్యం కాదు. బంతులు వరసగా ఎత్తుగా పోతున్నా, మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతున్నా, 50 దగ్గరే "చాలు నాన్నా, షార్ట్‌స్టాప్‌కు వెళ్లు" అని ఫీల్డింగ్‌కు పంపే కోచే నా లెక్కలో మంచి కోచ్. ఆ ఆట ఓడిపోయినా సరే. అలాంటి కోచ్ మిమ్మల్ని అన్ని స్థానాల్లోనూ ఆడిస్తారు. పదకొండేళ్లకే ఎవరు పిచ్చరో, ఎవరు కాదో తేల్చేయడం తొందరపాటు.

గాల్లో వంపు తిరిగే కర్వ్‌బాల్ ఇప్పుడే వద్దు. ముందు ఫాస్ట్‌బాల్ కుదరాలి. రెండు వేళ్లు కుట్టుకు అడ్డంగా, బొటనవేలు కింద, బంతికీ అరచేతికీ మధ్య కాస్త సందు. చెయ్యి చిన్నదైతే మూడు వేళ్లతో పట్టుకోండి. బంతిని అరచేతిలో కుక్కితే వేగం పోతుంది. తర్వాత చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా విసిరినా నెమ్మదిగా వెళ్లే బంతి) నేర్చుకోండి.

ఏడాదిలో నాలుగు నెలలు పిచ్చింగ్ మానండి. అందులో రెండు మూడు నెలలు వరసగా, భుజం పైనుంచి విసిరే పనేదీ పెట్టుకోకండి. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ (అక్కడి సాకర్) ఆడండి, పరుగెత్తండి.

ఆ బుడిపె దగ్గర నొప్పి పుడితే "కొంచెమేలే" అని దాచొద్దు. ఆ ఇన్నింగ్స్‌లోనే కోచ్‌కు, ఇంటికి రాగానే అమ్మకు చెప్పండి. మర్నాటికీ తగ్గకపోతే బంతి పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న