చిప్పు మాట్లాడదు, కాలు రాస్తుంది

విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా పక్కింటాయన కుక్కపిల్లను తెచ్చుకుని, మెడ వెనక చర్మం కింద గుర్తింపు నంబరున్న చిప్పు వేయించారు. "మాస్టారూ, ఇది తప్పిపోతే ఫోనులో కనబడుతుంది కదా?" అని అడిగారు. కనబడదన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. 2016లో రెండు వేల నోటులో చిప్పు ఉందని, పాతిపెట్టినా ఉపగ్రహం పసిగడుతుందని మనలో ఎంతమంది నమ్మలేదు!

జంతువులను గుర్తుపట్టడానికి వేసే చెవి పోగులు, కాలి కడియాలు, వాతలు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేద్దాం. ఈ చిప్పులో బ్యాటరీ ఉండదు. సుమారు 12 మిల్లీమీటర్ల గాజు గొట్టంలో ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) కడ్డీకి చుట్టిన సన్నని రాగి తీగ, ఒక కెపాసిటర్ (విద్యుదావేశాన్ని నిలవచేసే భాగం), సిలికాన్ ముక్క ఉంటాయి, అంతే. మరి నంబరు ఎలా చెబుతుంది?

శివాజీ పార్కులో పిల్లను ఉయ్యాల ఊపుతున్నారనుకోండి. లయ తప్పకుండా తోస్తే చిన్న తోపుకే ఊపు పెరుగుతుంది. చిప్పు నంబరును చదివే పరికరం, అంటే రీడరు, సెకనుకు 1,34,200 ఊపుల అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. తీగచుట్ట, కెపాసిటర్ కలిసి సరిగ్గా ఆ లయకే శ్రుతి చేసిన ఉయ్యాల. ఆ ఊపే చిప్పుకు కరెంటు. అసలు చమత్కారం ఇక్కడుంది: ఊగుతున్న పిల్ల కాలు నేలకు రాస్తే తోసేవారి చేతికి బరువు తెలుస్తుంది. చిప్పు కూడా తన చుట్టపై భారం పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. రీడరు తన సొంత చుట్టలో వోల్టేజీ వణుకును చూసి నంబరు చదువుకుంటుంది. 32 ఊపులకు ఒక బిట్టు (సున్నా లేదా ఒకటి), మొత్తం 128 బిట్లు. పట్టే సమయం సెకనులో సుమారు ముప్పై మూడో వంతు! అందులో 10 బిట్లు దేశానికో తయారీదారుకో (భారత్ కోడు 356), 38 బిట్లు జంతువుకు. అంటే 27,487 కోట్లకు పైగా నంబర్లు. చీమలకు చాలవు గానీ కుక్కలకు ధారాళం.

అయితే ఉయ్యాలకు చెయ్యి అందాలి కదా. చుట్ట నుంచి కాస్త ఎడంగా జరిగాక, దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే రీడరును మెడకు ఆనించినంత దగ్గర పెడతారు. జోడుగుళ్లపాలెం తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల లాంటి వాటి ప్రయాణాన్ని తెలుసుకోవాలంటే డిప్పకు బ్యాటరీ ఉన్న ట్రాన్స్‌మిటరు అతికించాల్సిందే. అదీ తాబేలు ఊపిరికి పైకి తేలినప్పుడే పలుకుతుంది, ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది.

"ఇంతకీ ఆ నంబరును మీ పేరు, ఫోను నంబరుతో ఎక్కడైనా నమోదు చేయించారా?" అని అడిగాను.

"అదీ చేయించాలా?" అంటూ ఆయన కాగితాలు వెతకడానికి లోపలికి వెళ్లారు.