కాశీలో పటం, హరిద్వార్‌లో విగ్రహం

కాశీకి వెళ్లిన తెలుగువాళ్లు విశ్వనాథుణ్ణి, అన్నపూర్ణను, విశాలాక్షిని, కాలభైరవుణ్ణి చూసుకుని, వీలైతే తొమ్మిది రాత్రులు నిద్ర చేసి వస్తారు. రైల్వేస్టేషన్‌కు దగ్గర్లోనే, కాశీ విద్యాపీఠం ఆవరణలో ఉన్న భారతమాత మందిరం వైపు వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్తే మాత్రం "అమ్మవారేరి?" అని అడగాలనిపిస్తుంది. లోపల విగ్రహం లేదు. ఉన్నది నేల మీద పాలరాతితో చెక్కిన దేశపటం.

దేశాన్ని తల్లిగా కొలవడం భక్తా, దేశభక్తా అన్న తగువు వచ్చినప్పుడల్లా నాకు ఈ పటమే గుర్తొస్తుంది.

బెంగాల్ విభజన జరిగిన 1905లో చిత్రకారుడు అవనీంద్రనాథ్ టాగూర్ నాలుగు చేతుల భారతమాతను గీశారు. కాషాయ చీర, చేతుల్లో పుస్తకం, వరి కంకులు, తెల్లని వస్త్రం, జపమాల. ఆయుధం ఒక్కటీ లేదు. కేదారనాథ్ నుంచి కన్యాకుమారి దాకా ప్రతి రైతు ఇంటికీ ఈ బొమ్మ చేరాలని వివేకానందుడి శిష్యురాలు సోదరి నివేదిత కోరుకున్నారు. ఆమె దేశానికి గీసిన ఎల్లలు రెండూ పుణ్యక్షేత్రాలే.

కాశీలో ఈ మందిరం కట్టించిన శివప్రసాద్ గుప్తా వేరే దారి పట్టారు. పుణెలో సంఘసంస్కర్త కర్వే నడిపే వితంతు ఆశ్రమంలో నేల మీద మట్టితో చేసిన దేశపటం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందంటారు. శిల్పి దుర్గాప్రసాద్ ఖత్రీ బృందం 762 పాలరాతి ముక్కల్లో కొండలు, నదులు, సముద్రాలు చెక్కింది. 1936 అక్టోబర్ 25న గాంధీ ప్రారంభించారు. అన్ని మతాలవాళ్లూ, హరిజనులతో సహా అన్ని కులాలవాళ్లూ కలిసే చోటు కావాలన్నది ఆయన ఆశ. విశ్వనాథుడి గుడిలోకి అప్పటికి దళితులకు ప్రవేశం లేదు. దళితులకు గుళ్లు తెరిచిన తిరువాన్కూరు సంస్థానపు ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చింది మరో పద్దెనిమిది రోజులకు. విగ్రహం లేదు కాబట్టి మైల లేదు, అడ్డుకునే పూజారీ లేడు. అదే దీని తెలివి.

ఆ మరుసటి ఏడాదే కాంగ్రెస్‌కు ఇదే చిక్కు పాటతో వచ్చింది. వందేమాతరంలో తర్వాతి చరణాలు దుర్గను స్తుతిస్తాయన్న అభ్యంతరంతో, మొదటి రెండు చరణాలే పాడాలని వర్కింగ్ కమిటీ తీర్మానించింది.

1983 నాటికి కథ మారింది. హరిద్వార్‌లో స్వామి సత్యమిత్రానంద గిరి ఎనిమిది అంతస్తుల భారతమాత మందిరం కట్టించగా ఇందిరా గాంధీ ప్రారంభించారు. ఇక్కడ తల్లి విగ్రహంగా నిలబడింది, పటం ఆమె ముందుకొచ్చింది. పై అంతస్తుల్లో స్వాతంత్ర్య వీరులు, సాధువులు, ఆ పైన దేవుళ్లు, అందరికన్నా పైన శివుడు. అదే ఏడాది చివర్లో విశ్వ హిందూ పరిషత్ గంగాజలంతో పాటు భారతమాతను కూడా ఏకాత్మతా యాత్రల్లో దేశమంతా తిప్పింది.

కాశీ పటాన్ని మాత్రం ఎవరూ మళ్లీ చెక్కలేదు. కరాచీ, ఢాకాలున్న నేల అందులోనే ఉంది. బర్మా కూడా ఉంది. ప్రారంభం రోజున అది ఇంకా బ్రిటిష్ ఇండియాలో భాగమే, విడిపోయింది 1937లో. చెక్కినప్పుడు అది ఆనాటి భూగోళం. ఇప్పుడు చూసేవాళ్లలో కొందరికి పోగొట్టుకున్న ఇల్లు, కొందరికి తిరిగి తెచ్చుకోవలసిన అఖండ భారత్.