రికవరీ కీ తగువు: దాని మూలం 2013లో ఉంది

బెంగళూరు ఎస్.పి. రోడ్డులోని లాప్‌టాప్ మరమ్మతు దుకాణాల్లోనూ, మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు తెలుగు కుర్రాళ్లతో నిండి ఉండే పీజీ హాస్టళ్లలోనూ, విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ తాలూకు రికవరీ కీ మాట మళ్లీ వినిపిస్తోంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం వల్ల పాత యంత్రాలకు విండోస్ 11 వేయించుకోవడం, ఫార్మాట్ చేయించడం చాలామందికి తప్పనిసరి అవుతోంది. దానికి తోడు, యంత్రం అసలైన విండోస్‌తోనే మొదలవుతోందా అని సరిచూసే సెక్యూర్ బూట్ తాలూకు 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరడం మొదలవుతుంది కాబట్టి వాటి స్థానంలో కొత్తవి మదర్‌బోర్డులోని మూల ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) లోకి చేరాలి. ఇలాంటి మార్పు జరిగినప్పుడు కొన్ని యంత్రాలు తమను ఎవరో కదిపారని అనుమానించి, నీలి తెర చూపి 48 అంకెల కీ అడుగుతాయి. కీ చేతిలో ఉంటే అది రెండు నిమిషాల పని. లేకపోతే డిస్కులోని ఫొటోలు, ప్రాజెక్టులు, ఆదాయపు పన్ను కాగితాలు ఉన్నా లేనట్టే.

నేను వేయని తాళానికి నన్ను చెవి అడగడం ఏమిటన్నది వాడుకరి ప్రశ్న. కీ మీ అకౌంట్‌లోనే భద్రంగా ఉంది కదా అన్నది మైక్రోసాఫ్ట్ జవాబు. ఈ రెండు మాటలూ నిజమే కావడం వల్లనే తగువు తెగడం లేదు.

కంప్యూటర్ భద్రత తొలినాళ్ల చరిత్ర పాఠకులకు తెలిసిందే కనుక దాన్ని ఇక్కడ తిరగదోడడం లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తు చేసుకోవాలి. 2007లో విండోస్ విస్టాతో ఇళ్లలోకి వచ్చిన బిట్‌లాకర్‌ను యజమాని కోరి పెట్టుకోవలసి ఉండేది. అది అల్టిమేట్, ఎంటర్‌ప్రైజ్ రకాల్లో మాత్రమే దొరికేది. పైగా కీని పెన్‌డ్రైవ్‌లోనో, వేరే ఫోల్డర్‌లోనో దాచితేనో, కాగితంపై ప్రింటు తీసుకుంటేనో తప్ప ఆ ఏర్పాటు ముందుకు సాగేది కాదు. అంటే తాళం వేయడమూ, చెవి దాచడమూ ఒకే మనిషి, ఒకే కూర్చున్న చోట చేసే పనులు. ఎక్కడ దాచానన్నది ఆ తర్వాత మరిచిపోయినా, దాచానన్న సంగతి మాత్రం అతనికి తెలిసేది.

ఈ బంధం తెగింది 2013 అక్టోబరు 17న విడుదలైన విండోస్ 8.1తో. 2021లో విండోస్ 11 కీలను భద్రపరిచే టీపీఎం 2.0 చిప్ ఉండి తీరాలన్నప్పుడు చాలా గొడవ జరిగింది, 2024లో విండోస్ 11 24హెచ్2 అనే కూర్పు తెచ్చిన మార్పుల గురించి ఇంకా ఎక్కువ రాశారు. కానీ ఇవాళ్టి చిక్కుకు బీజం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ 2013 నిర్ణయంలోనే ఉంది. డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో, తగిన హార్డ్‌వేర్ ఉన్న యంత్రాల్లో, ఇంటివాళ్లు వాడే మామూలు రకంలో కూడా, డిస్కు దానంతట అదే సంకేతబద్ధం కావడం, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారడం, అప్పుడే మొదలైంది. యంత్రంలో అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్న వ్యక్తి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి చేరుతుంది, అప్పుడే రక్షణ పూర్తిగా అమల్లోకి వస్తుంది. లోకల్ అకౌంట్‌తో ఆగిపోయినవారి డిస్కు కూడా సంకేతబద్ధమవుతుంది గాని, దాన్ని విప్పే కీ అదే డిస్కులో బాహాటంగా ఉంటుంది. ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికే వేలాడదీసినట్టన్నమాట. ఈ మొత్తం వ్యవహారంలో యజమానిని ఎవరూ ఏమీ అడగరు. బ్యాకప్ జరుగుతుంది, కానీ అది జరిగిందని తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఉండడు.

కంపెనీ అలా చేయడానికి కారణం లేకపోలేదు. విండోస్ 2000తోనూ, ఆ తర్వాత ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తోనూ వచ్చిన ఈఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల రహస్యీకరణ వల్ల దెబ్బతిన్నవారు కొల్లలు. ఫైళ్లకు ఆకుపచ్చ అక్షరాల పేర్లు కనిపించేవి, వాడుకరి సర్టిఫికెట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకోకుండా విండోస్ మళ్లీ వేయించుకునేవాడు, ఆ తర్వాత సొంత ఫైళ్లే అతనికి తెరుచుకునేవి కావు. మనుషులను నమ్మితే బ్యాకప్ జరగదన్న పాఠం అక్కడ దొరికింది. అయితే అదే పాఠాన్ని వేరేలా అమలు చేసినవారూ ఉన్నారు. ఆపిల్ 2011లో మ్యాక్ ఓఎస్ లయన్‌తో తెచ్చిన ఫైల్‌వాల్ట్ 2 అనే డిస్కు తాళం రికవరీ కీని ముందు తెరమీద చూపించి రాసుకోమనేది, దాని నకలును తమ దగ్గర ఉంచమంటారా అని ఆ తర్వాత అడిగేది. ఆ అడగడమే 8.1లో లోపించింది.

2015 చివర్లో అమెరికా పత్రికల్లో ఈ ఏర్పాటుపై విమర్శలు వచ్చాయి గాని, అవి గోప్యత చుట్టూనే తిరిగాయి. కీ కంపెనీ దగ్గర ఉంటే, చట్టబద్ధమైన ఉత్తర్వు చూపి ప్రభుత్వం దాన్ని అడిగి తీసుకోవచ్చన్నది వాటి సారాంశం. అది న్యాయమైన ఆందోళనే. బెంగళూరులో మన ఇళ్లకు ఎదురయ్యే ప్రశ్న వేరు: ఆ కీ ఎవరి అకౌంట్‌లో ఉంది?

మరమ్మతు బల్ల దగ్గర ఈ సంభాషణ దాదాపు ఒకే తీరుగా నడుస్తుంది. "మొదట ఏ మెయిల్‌తో లాగిన్ అయ్యారు సార్?" "ఏమోనండీ, కొన్నప్పుడు షాపువాళ్లే ఏదో పెట్టిచ్చారు." ఆ షాపు కుర్రాడు అప్పటికప్పుడు తయారు చేసిన అవుట్‌లుక్ ఐడీ, దాని పాస్‌వర్డు, దానికి ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు ఎవరికీ గుర్తుండవు. 48 అంకెలు ఉన్నది మాత్రం అక్కడే. కాలేజీ మెయిల్‌తో యంత్రాన్ని అనుసంధానించిన విద్యార్థి కీ కాలేజీ ఖాతాలోకి వెళ్తుంది, కోర్సు ముగిశాక ఆ ఖాతా మూతపడవచ్చు. అనంతపురం నుంచో నెల్లూరు నుంచో ఉద్యోగానికి వచ్చి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్‌ను అమ్మినవారు శుభ్రంగా ఫార్మాట్ చేయకుండా ఇచ్చి ఉంటే, కీ పాత యజమాని ఖాతాలో ఉండిపోతుంది. అకౌంట్ దొరికినా పని అయిపోదు. ఒకే పేజీలో రెండు మూడు యంత్రాల కీలు కనిపిస్తే, నీలి తెర మీది కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలను ఆ జాబితాతో పోల్చి, సరిపోయిన దాన్నే కొట్టాలి. ఏ అకౌంట్‌లో వెతకాలో చెప్పే చిన్న సూచన ఆ తెర మీదికి వచ్చింది 2024లో, విండోస్ 11 24హెచ్2 తో. ఏర్పాటు మొదలైన పదకొండేళ్లకన్నమాట.

అదే 24హెచ్2 డివైస్ ఎన్‌క్రిప్షన్‌కు కావలసిన హార్డ్‌వేర్ షరతులను సడలించింది, దాంతో కొత్తగా విండోస్ వేసిన మరెన్నో యంత్రాలు దీని పరిధిలోకి వచ్చాయి. 2025 మార్చిలో ప్రయోగాత్మక బిల్డ్‌ల నుంచి, ఇంటర్నెట్ లేకుండా లోకల్ అకౌంట్‌తో ముందుకు సాగడానికి అందరూ వాడే బైపాస్ స్క్రిప్టును తొలగించారు. అంతకుముందు, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ సాఫ్ట్‌వేర్ లోపంతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడినప్పుడు, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేయడానికి కూడా అనేక చోట్ల ఈ కీ కావలసి వచ్చింది. అవన్నీ సంస్థల యంత్రాలు, కీలు వెతికిపెట్టడానికి ఐటీ విభాగాలు ఉన్నాయి. అయినా రోజుల తరబడి తంటాలు పడ్డారు. ఇంటి యంత్రానికి ఆ విభాగమూ లేదు.

ఇంతకీ బ్యాకప్ అన్న పేరుతో ఏది వెళ్తోంది, ఏది వెళ్లడం లేదు అన్నది ఈ తగువులో సగం. విండోస్ బ్యాకప్ అనే యాప్ వాల్‌పేపర్, భాష, వైఫై పాస్‌వర్డులు, యాప్‌ల జాబితా, కొన్ని ఫోల్డర్లు తీసుకెళ్తుంది. నెట్‌వర్క్ రాకపోకలను అదుపు చేసే ఫైర్‌వాల్‌లో మీరు రాసుకున్న నియమాలు అందులో రావు. వాటి కోసం విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ తెర తెరిచి, ఎక్స్‌పోర్ట్ పాలసీ నొక్కి, వచ్చిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. దాన్ని తిరిగి ఇంపోర్ట్ చేస్తే కొత్త నియమాలు పాతవాటితో కలిసిపోవు, అప్పుడున్న నియమాలన్నీ తుడిచిపెట్టుకుపోయి పాత దస్త్రం యథాతథంగా వచ్చి కూర్చుంటుంది. యంత్రాన్ని పాత స్థితికి తిప్పే సిస్టమ్ రిస్టోర్ ఉంది కదా అనుకునేవారికి రెండు చిక్కులు. విండోస్ 10 నుంచి చాలా యంత్రాల్లో అది ఆపివేసి ఉంటుంది. ఆన్‌లో ఉన్నా, రికవరీ తెర నుంచి దాన్ని నడపాలంటే ముందు ఆ 48 అంకెలే కావాలి.

2025లో ఈ కథ మరో మలుపు తిరిగింది. విండోస్ 10 వాడుతున్న ఇళ్లకు మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్న కంపెనీ, మన దేశంతో సహా చాలా చోట్ల మూడు దారులు చూపింది: 30 డాలర్లు కట్టడం, 1,000 రివార్డ్ పాయింట్లు ఇవ్వడం, లేదా సెట్టింగులను విండోస్ బ్యాకప్‌తో తమ క్లౌడ్‌కు పంపడం. ఐరోపా ఆర్థిక మండలిలో బ్యాకప్ పంపాలన్న షరతును ఎత్తివేశారు, ఇక్కడ ఎత్తివేయలేదు. 2013లో రక్షణ కోసం అకౌంట్ అన్నారు, ఇప్పుడు అకౌంట్‌లోకి బ్యాకప్ పంపితే రక్షణ అంటున్నారు.

కంపెనీ వాదనను కొట్టిపారేయలేం. మెజెస్టిక్ బస్టాండులో పోయిన లాప్‌టాప్ దొంగ చేతిలో ఇనుప ముక్కగా మిగిలేది ఈ సంకేతీకరణ వల్లనే. క్లౌడ్ నకలు వల్ల తమ దస్త్రాలు తిరిగి దక్కించుకున్నవారూ ఉంటారు, వాళ్లు దుకాణాల దాకా రారు కాబట్టి వాళ్ల మాట వినిపించదు.

దుకాణదారుల తీరు మాత్రం మారుతోంది. బయోస్ (అదే ఫర్మ్‌వేర్) అప్‌డేట్‌కో, మదర్‌బోర్డు మార్పుకో చేయి పెట్టే ముందు, యంత్రం తెరుచుకునే స్థితిలో ఉండగానే కీని కంట్రోల్ ప్యానెల్ నుంచో, మేనేజ్-బీడీఈ ఆదేశంతోనో తీసి కాగితం మీద రాయించడం, ఆపై బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయడం తెలిసినవాళ్లు చేస్తున్న పని. ఇది మైక్రోసాఫ్ట్ సాంకేతిక పత్రాల్లోనూ ఉన్న సూచనే, కానీ అది యంత్రం కొన్నవాడి తెర మీదికి రాదు. విండోస్ 10 అదనపు అప్‌డేట్ల గడువు 2026 అక్టోబరు 13తో తీరుతుంది. విండోస్ బూట్ ఫైళ్లపై సంతకం చేసే 2011 నాటి సర్టిఫికెట్ గడువు కూడా అదే నెలలో ముగుస్తుంది. కాబట్టి ఎస్.పి. రోడ్డు బల్లల మీద ఈ ప్రశ్న ఆ లోపు ఇంకా చాలాసార్లు లేస్తుంది.