వెచ్చని మూల, చల్లని మూల

ఎలుకను మింగిన రెండు మూడు రోజులకు పెంపుడు పాము దాన్ని దుర్వాసన కొట్టే ముద్దగా కక్కేస్తుంది. యజమాని మొదట ఎలుకను అనుమానిస్తాడు, తర్వాత జబ్బును అనుమానిస్తాడు. గాజుపెట్టెలో వేడి ఎంతుందో చూడాలన్న సంగతి చాలాసార్లు ఆఖరున గుర్తుకొస్తుంది. పాము తిన్నది ఒంటబట్టాలంటే కడుపులో జీర్ణరసాలు చురుగ్గా పనిచేయాలి, అందుకు ఒంట్లో వెచ్చదనం కావాలి. అది చాలకపోతే ఎలుక అరిగే లోపే కుళ్లడం మొదలుపెడుతుంది. అప్పుడు కక్కేయడమే పాముకు క్షేమం.

మన ఒంట్లో పొయ్యి రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. తిన్న తిండిలో పెద్ద వాటా దానికే పోతుంది. పాముకు ఆ ఖర్చు లేదు కనుకనే వారానికో రెండు వారాలకో ఒక్క ఎలుకతో సరిపెట్టుకోగలదు. అయితే వేడిని బయటి నుంచి తెచ్చుకోవాలి. 'శీతల రక్త జంతువు' అన్న పాఠ్యపుస్తకాల మాట ఇక్కడే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎండ కాచుకున్న పాము రక్తం ఇంచుమించు మన రక్తమంత వెచ్చగా ఉండగలదు. శాస్త్రవేత్తలు రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ ఎడారి సరీసృపాల మీద 1944లో ప్రచురించిన అధ్యయనంతో ఈ విషయం స్పష్టమైంది. ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూనే అవి తమ ఒంటి వేడిని కావలసిన హద్దుల్లో నిలుపుకుంటాయి.

పెట్టెలో బంధించిన పాముకు ఆ ఎండానీడలను మనమే అమర్చాలి. ఒక చివర వెచ్చగా, రెండో చివర చల్లగా ఉంచడం అందుకే. పెంపుడు పాముల్లో బాల్ పైథాన్‌కు వెచ్చని చోట సుమారు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 24 నుంచి 27 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. కార్న్ స్నేక్‌కు రెండు వైపులా ఇంకొంచెం తక్కువ చాలు. కొత్తగా పెంచేవాళ్ల దృష్టంతా మొదటి అంకె మీదే ఉంటుంది. నన్నడిగితే చల్లని మూలకే ఎక్కువ విలువ ఇస్తాను. కొన్ని గంటల చలికి పాము మందగిస్తుంది, అంతే. 40 డిగ్రీలు దాటిన పెట్టెలో తప్పుకునే చోటు లేకపోతే ప్రాణమే పోతుంది. కిటికీ దగ్గర నేరుగా ఎండ పడే చోట గాజుపెట్టె పెట్టకూడదనడం ఇందుకే. పెట్టె మరీ చిన్నదైనా ఇదే చిక్కు, వేడి రెండో చివర దాకా పాకిపోతుంది.

దాక్కునే గూళ్లు రెండు చివర్లా ఉండాలి. గూడు చల్లని వైపే ఉందనుకోండి, నిండు కడుపుతో ఉన్న పాము కూడా తరచు అక్కడే నక్కి ఉంటుంది. బయటపడతానన్న భయం ముందు చలి దానికి ఒక లెక్క కాదు. అవతలి మూల హీటరు ఎంత మంచిదైతే ఏం లాభం?

అసలు తిప్పలన్నీ హీట్ మ్యాట్‌తోనే. పెట్టె అడుగున పరిచే ఈ పలుచని రేకు అదుపు లేకుండా వదిలేస్తే 45 డిగ్రీలు కూడా దాటిపోగలదు. పైన కొబ్బరిపొట్టో చెక్కపొట్టో మందంగా వేస్తే అది దుప్పటిలా వేడిని కిందనే ఆపేస్తుంది. పైన చేయి పెట్టి చూసిన మనిషికి చల్లగానే తగులుతుంది. పొట్టును తవ్వుకుంటూ గాజు దాకా దిగిన పాముకు మాత్రం పొట్ట పొలుసులు కాలిపోతాయి. చుట్టూ గాలి చల్లగా ఉన్నప్పుడు దొరికిన ఆ ఒక్క వేడి చోటును అది సులభంగా వదలదు కూడా. కరెంటుతో వేడెక్కే 'వేడి రాళ్లు' ఎన్నో పాములను ఇలాగే కాల్చాయి. వాటిని అసలు కొనకపోవడం మంచిది.

వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉంటే చాలదు, దాని సెన్సార్ ఎక్కడుందో చూడాలి. దాన్ని గాలిలో వేలాడదీస్తే, గాలి వెచ్చబడే దాకా కింద మ్యాట్ కాగుతూనే ఉంటుంది. పాము ఒళ్లు తగిలే ఉపరితలం దగ్గరే సెన్సార్‌ను కదలకుండా బిగించాలి. పాము దాన్ని ముక్కుతో చల్లని వైపుకు నెట్టేసిందా, ఇక ఆ యంత్రం పెట్టె అంతా చలిగా ఉందనుకుని వేడిని పెంచుతూ పోతుంది. ఉపరితలం వేడిని ఇన్‌ఫ్రారెడ్ (పరారుణ) థర్మామీటరుతో విడిగా సరిచూసుకోవడం అవసరం. ఒక తమాషా ఏమిటంటే, ఆ పరికరాన్ని బయటి నుంచి గురిపెడితే అది గాజు వేడినే చూపిస్తుంది. మన కంటికి పారదర్శకమైన గాజు ఆ పరారుణ కిరణాలకు గోడలాంటిది. మూత తెరిచి కొలవాలి.

ప్రకృతిలో వేడి ఎక్కువగా పైనుంచే వస్తుంది. హాలోజెన్ బల్బు దానికి దగ్గరగా ఉంటుంది, దాని పరారుణ కిరణాల్లో కొంత భాగం చర్మం లోతుకు దిగుతుంది. సిరామిక్ హీటరు వేడి చర్మం పైపొరలోనే ఆగుతుంది కానీ, వెలుతురు ఉండదు కనుక రాత్రికి పనికొస్తుంది. రెండింటికీ పాము చుట్టుకోకుండా జాలీ ఉండాలి. ఇవి గాలిని ఆరబెడతాయి. తేమ తగ్గితే కుబుసం ఒక్క తొడుగులా రాకుండా ముక్కలుముక్కలుగా ఊడుతుంది.

ఇంత చేసినా పాముకు ఏ రోజు ఎంత వేడి కావాలో మనం ముందుగా చెప్పలేం. భారీగా తిన్న బర్మీస్ పైథాన్‌లో జీవక్రియ వేగం నలభై రెట్లకు పైగా పెరగగలదు. చాలా పాములు తిన్నాక వెచ్చని చోటు వెతుక్కుంటాయి. గుడ్ల మీద పొదిగే బర్మీస్ పైథాన్ తల్లి మరీ విడ్డూరం. చుట్ట చుట్టుకుని కండరాలను అదురుస్తూ తనే వేడి పుట్టించి, గుడ్లను గాలి కన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంచుతుంది. 1970లలో ఎడారి ఇగ్వానాలనే బల్లులకు బ్యాక్టీరియా ఎక్కించి చూస్తే, అవి మామూలు కన్నా వెచ్చని చోటుకు పాకి తమకు తామే జ్వరం తెచ్చుకున్నాయి. అలా వేడెక్కే వీలు లేకుండా ఉంచినవాటిలో చావులు పెరిగాయి.

కాబట్టి థర్మామీటరుతో పాటు పామునూ చూస్తూ ఉండాలి. రోజుల తరబడి వెచ్చని మూలను అంటిపెట్టుకుంటే పెట్టె మొత్తం చల్లబడిందేమో కొలవాలి. నీళ్ల గిన్నెలోనే పడి ఉంటే వేడి ఎక్కువై ఉండవచ్చు, పొలుసుల సందుల్లో పురుగులు చేరినా అలాగే చేస్తుంది. కరెంటు పోయిన రోజున గాలి ఆడే సందు వదిలి పెట్టె మీద దుప్పటి కప్పితే చాలు. వేడి తిరిగి వచ్చే దాకా ఎలుకను మాత్రం వేయకండి.