రోలింగ్ కోడ్: కారుకు వరుస తెలుసు, టైమ్ తెలియదు

ఫ్లిప్పర్ జీరో లాంటి చిన్న రేడియో పరికరాలతోనే కార్లు పోతున్నాయన్న గొడవ మళ్లీ లేచింది. 2024 ఫిబ్రవరిలో కెనడా ప్రభుత్వం వాటిని నిషేధిస్తామంది. నెల తిరగ్గానే కాస్త తగ్గి, అక్రమంగా వాడేవాళ్ల చేతికి దొరక్కుండా చూస్తామంది. రోలింగ్ కోడ్‌లను, అంటే నొక్కిన ప్రతిసారీ మారిపోయే రిమోట్ కోడ్‌లను, దాటే సత్తా తమ పరికరానికి లేదన్నది తయారీదారుల జవాబు. ఈ వాదులాటలో అసలు తాళం సంగతి మరుగున పడిపోతోంది.

రిమోట్ నొక్కిన ప్రతిసారీ అందులోని లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కను రహస్య కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. తను చివరగా ఒప్పుకున్న లెక్క కంటే ఇది ముందుంటేనే కారు తలుపు తెరుస్తుంది. ఇంట్లో పిల్లలు ఆటగా పదిసార్లు నొక్కేసినా పొద్దున కారు తెరుచుకోవాలి కదా, అందుకే ముందుకు కొంతవరకు వెసులుబాటు ఇచ్చారు. పాత కోడ్ మాత్రం చెల్లదు.

మరి వాడని కోడ్ దొంగ చేతిలో పడితే? 2015 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్ కాన్ హ్యాకర్ల సదస్సులో భద్రతా పరిశోధకుడు సామీ కామ్‌కర్ చూపించింది ఇదే. దాదాపు 32 డాలర్లతో తయారైన ఆయన పరికరం పేరు రోల్‌జామ్. మీరు బటన్ నొక్కుతారు. సిగ్నల్ కారుకు అందకుండా అది జామ్ చేస్తుంది, కోడ్‌ను తను రికార్డ్ చేసుకుంటుంది. బ్యాటరీ వీక్ అయిందేమోనని మీరు మళ్లీ నొక్కుతారు. రెండో కోడ్‌నూ పట్టేసి, మొదటిదాన్ని కారుకు వదులుతుంది. తలుపు తెరుచుకుంటుంది, మీకు అనుమానమే రాదు. మీరు మళ్లీ రిమోట్ వాడేదాకా ఆ రెండో కోడ్ చెల్లుతుంది.

అంతకుముందు, 2008లో, జర్మనీలోని రూర్ బోఖుమ్ యూనివర్సిటీ పరిశోధకులు రిమోట్ తాళాల్లో వాడే కీలాక్ అనే రోలింగ్ కోడ్ పద్ధతి చిప్‌లు తీసుకునే కరెంటును కొలిచి రహస్య కీని బయటకు లాగారు. పెద్ద వార్తే, కానీ సైఫర్ (కోడ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే సూత్రం) బలహీనమైతే మార్చుకోవచ్చు. కామ్‌కర్ అసలు సైఫర్ జోలికే వెళ్లలేదు. కోడ్ ఎప్పటిదో కారు అడగదు, లోపమంతా అక్కడే ఉంది.

2022లో హోండా కార్ల విషయంలో వరుస కూడా తప్పింది. లాక్, అన్‌లాక్ కోడ్‌లను ఒకదాని వెంట ఒకటి పంపితే కారు తన లెక్కను వెనక్కి సర్దుకుంటోందని, పాత కోడ్‌లు మళ్లీ చెల్లుతున్నాయని పరిశోధకులు చూపించారు. మొదట కొట్టిపారేసిన కంపెనీ, కొన్ని కార్ల తలుపులు తెరవొచ్చని తర్వాత ఒప్పుకుంది. బండిని నడుపుకుని మాత్రం పోలేరంది. సీట్లో పెట్టిన ల్యాప్‌టాప్ బ్యాగ్ పోవడానికి తలుపు తెరుచుకుంటే చాలదా?

మందు లేక కాదు. కీలాక్ హక్కులున్న మైక్రోచిప్ కంపెనీయే లెక్కకు టైమర్ జోడించిన అల్టిమేట్ కీలాక్ తెచ్చింది. పట్టి దాచిన కోడ్‌కు అందులో గడువు తీరిపోతుంది.