క్రైస్తవ ప్రచారానికి కంపెనీల సొమ్ము: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థల లెక్కలు తనిఖీ చేయడం నా వృత్తి. అక్కడి క్రైస్తవ సంప్రదాయవాద సంస్థలకు అందే నిధుల మీద ఆవేశంతో చేసే వాదనలే ఎక్కువ. కాగితాలు తిరగేసేవారు తక్కువ.

అపోహ: ఫలానా దుకాణంలో కొంటే ఆ డబ్బు నేరుగా మతప్రచారానికి పోతుంది.

వాస్తవం: పెద్ద మొత్తాలు చాలావరకు యజమానుల కుటుంబాల నుంచి, వారి ఫౌండేషన్ల నుంచి వస్తాయి. 2017లో వాషింగ్టన్‌లో తెరిచిన బైబిల్ మ్యూజియం వెనుక ఉన్నది చేతిపనుల సామగ్రి అమ్మే హాబీ లాబీ దుకాణాల స్థాపకుడు డేవిడ్ గ్రీన్ కుటుంబం. లాభం ముందు యజమానికి చేరుతుంది, ఆ తర్వాతే విరాళం. ఈ తేడా తెలియకపోతే బహిష్కరణ పిలుపులు గురి తప్పుతాయి.

అపోహ: ఇదంతా 1980లలో, అధ్యక్షుడు రీగన్ కాలంలో మొదలైంది.

వాస్తవం: యూనియన్ ఆయిల్ అనే చమురు కంపెనీకి చెందిన లైమన్ స్టివార్ట్ సొమ్ముతో 1910-15 మధ్య 12 సంపుటాల మత వ్యాసాలు అచ్చయి, పాస్టర్లకు ఉచితంగా చేరాయి.

అపోహ: ఇచ్చేదీ పుచ్చుకునేదీ అంతా రహస్యమే.

వాస్తవం: సగమే రహస్యం. ప్రైవేట్ ఫౌండేషన్ ఏటా దాఖలు చేసే 990-పీఎఫ్ పత్రంలో ఎవరికి ఎంత ఇచ్చిందో వరుసగా ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. చిక్కు మరోచోట ఉంది. 1982లో ఏర్పడిన నేషనల్ క్రిస్టియన్ ఫౌండేషన్ వంటి సంస్థలో దాత ఒక ఖాతా తెరిచి, డబ్బు వేసి, పన్ను మినహాయింపు వెంటనే తీసుకుంటాడు. ఎవరికి పంపాలో తర్వాత నింపాదిగా సూచిస్తాడు. సంస్థ పత్రంలో పేజీల కొద్దీ గ్రహీతల పేర్లుంటాయి. గర్భస్రావ హక్కుకు వ్యతిరేకంగా న్యాయపోరాటం చేసిన అలయన్స్ డిఫెండింగ్ ఫ్రీడమ్ వారిలో ఒకటి. ఏ చెక్కు ఏ దాత సూచనతో వెళ్లిందో మాత్రం అందులో ఉండదు. చర్చిలకైతే ఈ వార్షిక పత్రం దాఖలు చేసే బాధ్యతే లేదు. పన్ను మినహాయింపు రూపంలో ప్రజలూ భారం మోస్తున్నప్పుడు, ఒక స్థాయి దాటిన దాత పేరు బయటపెట్టాల్సిందేనని నా అభిప్రాయం. ఏ మతానికైనా, ఏ పక్షానికైనా ఇదే వర్తించాలి. ఇలాంటి ఖాతాలు ఉదారవాద దాతలకూ ఉన్నాయి.

అపోహ: పన్ను మినహాయింపు ఉన్న సంస్థ రాజకీయాల జోలికి వెళ్లకూడదు.

వాస్తవం: 1954 నుంచి ఉన్న నిషేధం అభ్యర్థులకు మద్దతివ్వడం, వ్యతిరేకించడం మీదే. కోర్టులో కేసులు నడపవచ్చు, చట్టాల కోసం పరిమితంగా ఒత్తిడి తేవచ్చు. అసలు ప్రభావమంతా ఈ దారిలోనే వస్తుంది. ఏదైనా సంస్థపై అనుమానముంటే ముందు అమెరికా పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో దాని పేరు వెతికి, ఖర్చుల పేజీ చదవండి.