క్వింటిన్స్‌హిల్: లివర్‌కు తగిలించని కాలర్

బాలాసోర్ ప్రమాదం తర్వాత, 2023లో ముగ్గురు రైల్వే ఉద్యోగుల్ని సీబీఐ అరెస్టు చేసినప్పుడు లేచిన వాదన ఇంకా చల్లారలేదు: తప్పు మనిషిదా, ఏర్పాటుదా? బ్రిటన్‌లో ఇదే తగువు 1915 మే 22 నుంచీ నడుస్తోంది. స్కాట్లండ్‌లో గ్రెట్నా దగ్గరి క్వింటిన్స్‌హిల్‌లో ఆ ఉదయం జరిగిన రైలు ప్రమాదంలో 220 మందికి పైగా పోయారు. ఎక్కువమంది గలిపోలీ యుద్ధానికి బయల్దేరిన సైనికులు. చెక్క పెట్టెలు, గ్యాస్ దీపాలు మంటలను పెంచాయన్నది తెలిసిన సంగతే. అసలు విషయం అంతకు ఇరవై నిమిషాల ముందుది.

సిగ్నల్ క్యాబిన్‌లో డ్యూటీ మారాల్సింది ఆరింటికి. పగటి సిగ్నల్‌మన్ టిన్స్‌లీ మాత్రం లోకల్ రైలు అక్కడ ఆగే రోజుల్లో ఆరున్నరకు దాని మీదే వచ్చేవాడు. ఆరు దాటాక వచ్చిన రైళ్లను రాత్రి డ్యూటీ మీకిన్ విడి కాగితం మీద రాసి ఉంచితే, టిన్స్‌లీ వచ్చి రిజిస్టర్‌లోకి ఎక్కించేవాడు. చేతిరాత మారితే ఆలస్యం బయటపడుతుంది మరి.

ఆ రోజు, రైళ్లను పక్కకు ఆపే రెండు లూపుల్లోనూ గూడ్సులే. ఆలస్యంగా వస్తున్న ఎక్స్‌ప్రెస్‌లకు దారివ్వడానికి లోకల్‌ను వెనక్కి నడిపి అప్ మెయిన్ (దక్షిణానికి వెళ్లే ప్రధాన లైను) మీద నిలిపారు. అలా నిలిపితే మూడు పనులు తప్పనిసరి. ఉత్తరాన కిర్క్‌పాట్రిక్ క్యాబిన్‌కు 'బ్లాక్ బ్యాక్' (లైను ఖాళీ లేదు) అని గంట కొట్టాలి. అప్ సిగ్నల్‌ను నడిపే లివర్‌కు కాలర్ అనే రింగు తగిలించాలి. అది ఉంటే లివర్ లాగడం కుదరదు. లోకల్ ఫైర్‌మన్ వచ్చి కాలర్‌ను కళ్లారా చూసి సంతకం పెట్టాలి. గంట కొట్టలేదు, కాలర్ పెట్టలేదు. ఫైర్‌మన్ సంతకమైతే పెట్టాడు, కాలర్ ఉందో లేదో చూడలేదు. మీకిన్ పేపర్లో యుద్ధవార్తలు చదువుతున్నాడు. కాగితం చూసి రాసుకుంటున్న టిన్స్‌లీ అదే అప్ లైను మీద ఉత్తరం నుంచి వస్తున్న సైనిక రైలును ఒప్పుకుని సిగ్నళ్లు దించేశాడు. తాను దిగిన రైలు కిటికీ ఎదుటే ఉంది. ఆ రైలునే సైనికుల బండి గుద్దింది. కాసేపటికే ఆ శిథిలాల మీదికి రెండో ఎక్స్‌ప్రెస్ వచ్చిపడింది.

రూల్స్ ఉన్నాయి, వీళ్లు పాటించలేదు అన్నది కంపెనీ వాదన. అందులో అబద్ధం లేదు. అయితే టిన్స్‌లీని ఇంజన్ మీద ఎక్కించుకొచ్చిన వాళ్లకు ఆ ఆలస్యం కొత్త కాదు. ఒకే చేతిరాతతో నిండే రిజిస్టర్‌ను నిలదీసిన వాళ్లూ లేరు. పట్టాల్లో కరెంటు పంపి, రైలు నిలబడి ఉంటే సిగ్నల్‌ను దానంతటదే బిగించేసే ట్రాక్ సర్క్యూట్ అప్పటికే వాడుకలో ఉంది. అది క్వింటిన్స్‌హిల్‌లో లేదు. ఉంటే మరచిపోయినా ఆ లివర్ కదిలేది కాదు.

కోర్టు టిన్స్‌లీకి 3 ఏళ్లు, మీకిన్‌కు 18 నెలలు వేసింది. 1916 డిసెంబర్‌కే ఇద్దరినీ విడిచిపెట్టారు. ఇద్దరూ మళ్లీ రైల్వే పనిలోనే చేరారు, సిగ్నల్ క్యాబిన్‌లో మాత్రం కాదు.